సరమకు జవాబు

నన్నయ ఆదిపర్వంలో కథ ఇంకా పాండవుల దాకా రాకముందే ఒక కుక్కపిల్ల దెబ్బలు తింటుంది. జనమేజయుడు పెద్ద యాగం చేస్తున్నాడు. పిల్ల యాగశాల వైపు వచ్చింది. రాజు తమ్ముళ్లు దాన్ని కొట్టారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. తల్లి పేరు సరమ, దేవలోకపు ఆడకుక్క. వ్యాసుడి మూలంలో ఈ చోట ఒక సంగతి ఉంది, చదివిన ప్రతిసారీ నేను అక్కడ ఆగుతాను. సరమ బిడ్డ మాట వినగానే రాజు మీదికి పోదు. నువ్వే ఏదో తప్పు చేసి ఉంటావు, అందుకే కొట్టి ఉంటారు అంటుంది. హవిస్సును నాకలేదు, అటువైపు చూడనైనా లేదు అంటాడు పిల్లవాడు. అప్పుడు లేచి యాగశాలకు వెళ్లి అడుగుతుంది: నా బిడ్డ ఏ తప్పూ చేయలేదే, ఎందుకు కొట్టారు?

వాళ్లు ఏమీ మాట్లాడరు. కారణం చెప్పరు, తప్పయిందనీ అనరు. శాపం వచ్చింది ఆ తర్వాతే. ఎటునుంచి వస్తుందో తెలియని భయం మీకు వస్తుంది అని చెప్పి సరమ వెళ్లిపోతుంది. అంత పెద్ద రాజు వణికిపోయి, ఆ శాపాన్ని పోగొట్టగల పురోహితుడి కోసం వెతుక్కుంటూ తిరుగుతాడు.

నేను పశువైద్యురాలిని. గోదావరి జిల్లాల్లో పశువుల ఆసుపత్రుల్లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక నన్నయ ఆ పద్యాలు చెప్పిన ఊళ్లోనే, రాజమహేంద్రవరంలో, ఉంటున్నాను. మా నాన్నగారు హైస్కూల్లో తెలుగు పండితులు. రాత్రి భోజనాలయ్యాక వరండాలో ఆదిపర్వం చదివి అర్థం చెప్పేవారు. చిన్నప్పుడు విన్నది భక్తితో విన్నాను. ఉద్యోగంలో చేరాక అదే పుస్తకం నాకు మరోలా వినిపించడం మొదలుపెట్టింది. ఆ ఒక్క పర్వంలోనే జంతువులు మనిషిని నిలదీసే సందర్భాలు వరసగా వస్తాయి. భారతాన్ని తెలుగు చేయడానికి కూర్చున్న కవి ముందుకు తొలి ఆశ్వాసాల్లోనే వచ్చిన వాది ఒక కుక్క. ఈ విషయాన్ని మనం తగినంత పట్టించుకోలేదని నాకు అనిపిస్తుంది.

ఒక ఆడకుక్క గురించి చెప్పాలి. ఈని ఎన్నో రోజులు కాలేదు, పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదు. ఎవరి గుమ్మం పక్కనో పిల్లల్ని పెట్టుకుందని దాని మీద కాగిన నూనె పోశారు. వీపు మీద చర్మం పొలుసులుగా ఊడి వచ్చింది. తీసుకొచ్చినామె వీధి చివర ఇడ్లీ బండి నడుపుకుంటుంది. రోజూ మిగిలింది దానికి పెడుతుందట. పసుపు రాసి, పాత చీరలో చుట్టి, ఆటోలో తెచ్చింది. పోసిందెవరో ఆమెకు తెలుసు, వీధికంతా తెలుసు. నేను కాలిన చోట శుభ్రం చేస్తూ ఉంటే తల దగ్గర కూర్చుని ఒకటే మాట అంది: "డాక్టరమ్మా, ఇదేం పాపం చేసింది?"

సరమ ప్రశ్నే అది, ఇంచుమించు అవే మాటల్లో.

ఆమె స్టేషనుకు వెళ్లింది. ఏ స్టేషనన్నది అనవసరం. అక్కడ ఆమెను ఎవరూ కసురుకోలేదు. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, "ఇలాంటివి పైవాడు చూసుకుంటాడులేమ్మా, నువ్వు పొయ్యి నీ పని చూసుకో" అని పంపించారు. కుక్క కొన్నాళ్లు బతికి చనిపోయింది. ఆమె మనసు ఊరుకోక, తెలిసినవాళ్లను అడిగి, ఎవరో వకీలు చెబితే మళ్లీ నా దగ్గరికి వచ్చింది, సర్టిఫికెట్ కావాలని. రాసిచ్చాను. అప్పటికే మూడు నెలలు దాటిపోయింది. జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లో 36వ సెక్షన్ ఒకటుంది. నేరం జరిగిన మూడు నెలల్లోపు కేసు వేయకపోతే ఇక వేయడానికి వీల్లేదు.

ఆ చట్టం గురించి కొంచెం చెబుతాను, ఎందుకంటే చాలామందికి అది ఉందని తెలుసు గానీ అందులో ఏముందో తెలియదు. రుక్మిణీదేవి అరండేల్, కళాక్షేత్ర స్థాపించిన నాట్యకళాకారిణి, రాజ్యసభకు నామినేట్ అయిన కొత్తల్లోనే దీనికోసం సొంతంగా బిల్లు పెట్టారు. ప్రభుత్వమే తెస్తుందని నెహ్రూ మాట ఇస్తే వెనక్కి తీసుకున్నారు. 1960లో చట్టం వచ్చింది. జంతు సంక్షేమ మండలికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆవిడే. చట్టంలోని 11వ సెక్షన్ జంతువును కొట్టడం, తన్నడం, మోయలేనంత బరువు మోయించడం, గాయంతో ఉన్నదాన్ని పనికి కట్టడం, తిండీ నీళ్లూ పెట్టకుండా ఉంచడం, పందేలకు ఉసిగొల్పడం వంటివన్నీ నేరాలంటుంది. చదువుతుంటే ఇది రాసినవాళ్లు ఎద్దును, గుర్రాన్ని, కోడిని దగ్గరగా చూశారని తెలుస్తుంది. శిక్ష దగ్గరికి వచ్చేసరికి: మొదటిసారైతే పది రూపాయలకు తగ్గకుండా యాభై రూపాయల దాకా జరిమానా. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే ఇరవై ఐదు నుంచి వంద, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. 1960లో పది గ్రాముల బంగారం నూటపది రూపాయల చుట్టూ ఉండేది. అప్పట్లో యాభై అంటే బరువైన మాటే. ఈనాడు పది గ్రాములు లక్ష దాటింది, యాభై మాత్రం యాభైగానే ఉంది. పైగా ఈ సెక్షన్ కింది నేరాల్లో చాలావాటికి మేజిస్ట్రేటు అనుమతి లేకుండా పోలీసు దర్యాప్తు మొదలుపెట్టలేడు. ఒక కానిస్టేబులు నాతో విసుగ్గా కాదు, నిజంగా అర్థంకాక అడిగాడు: "యాభై రూపాయల కేసుకి ఇన్ని కాగితాలెందుకు డాక్టరుగారూ?" అతనికి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు చట్టం దగ్గర ఉండాలి.

ఇక పైవాడి సంగతి.

నేను నమ్మకం ఉన్న మనిషిని. కర్మ ఉందని, చేసింది అనుభవించక తప్పదని నమ్ముతాను. కాబట్టి "పైవాడు చూసుకుంటాడు" అన్న మాటను తేలిగ్గా కొట్టిపారేయలేను. అదే నన్ను చాలాకాలం ఇబ్బంది పెట్టింది కూడా. శిక్ష ఎలాగూ పడుతుందనుకుంటే ఇక్కడ కోర్టు ఎందుకు, జైలు ఎందుకు? మనుషులకు మనుషులు చేసే ద్రోహాల్లో ఆ మాట ఎవరూ అనరు. దొంగతనం జరిగితే పైవాడు చూసుకుంటాడని ఎవరూ స్టేషను నుంచి వెనక్కి రారు. జంతువు విషయానికి వచ్చేసరికి మాత్రం ఫైలు యమలోకానికి బదిలీ చేస్తాం.

ఈ చిక్కుకు విప్పుదల నాకు ఆదిపర్వంలోనే, మాండవ్యుడి కథలో దొరికింది. అందరికీ తెలిసిన కథ. దొంగలు దొంగసొమ్ము ఆయన ఆశ్రమంలో దాచారు. భటులు వచ్చి అడిగితే ఆయన మౌనవ్రతంలో ఉన్నాడు. రాజు విచారించకుండా కొరత వేయించాడు. తపస్సు బలంతో ప్రాణం పోలేదు, కొరత మొన మాత్రం ఒంట్లో ఉండిపోయి అణిమాండవ్యుడయ్యాడు. తర్వాత యముణ్ని అడిగాడు: ఏ పాపానికి నాకీ శిక్ష? చిన్నప్పుడు తూనీగలను పుల్లతో గుచ్చావు, దాని ఫలం ఇది అన్నాడు యముడు.

జీవహింస చేస్తే కొరత తప్పదు అని చెప్పడానికి పురాణాలు చెప్పేవాళ్లు ఈ కథ అక్కడిదాకా చెప్పి ఆపుతారు. కథ అక్కడ ఆగదు. మాండవ్యుడు తీర్పును తిరగబెడతాడు. తెలిసీ తెలియని వయసులో చేసిన చిన్న తప్పుకు ఇంత శిక్షా అని యముణ్నే శపిస్తాడు, ఆ యముడే విదురుడై పుడతాడు. పద్నాలుగేళ్ల వయసు లోపల చేసినదాన్ని పాపంగా లెక్కించడానికి వీల్లేదని కొత్త నియమం పెడతాడు. శిక్ష అనుభవించినవాడే శిక్షాస్మృతి రాశాడు. న్యాయమూర్తి దాన్ని ఒప్పుకుని తలవంచాడు.

ఆ తూనీగల బాధ లెక్కలోకి రాదని మాండవ్యుడు అనలేదు. అది నాకు ముఖ్యం. తూనీగ కూడా ఖాతాలో ఉంది. ఆయన అభ్యంతరం రెండింటి మీద: తప్పుకూ శిక్షకూ పొంతన లేకపోవడం, చేసినవాడి వయసూ తెలివీ చూడకపోవడం. నేను ఇంకొకటి కలుపుకుంటాను. కొరత మీద ఉన్నంతసేపూ ఆయనకు అది దేనికో తెలియదు. కారణం తెలియని శిక్షతో మనిషి ఏం నేర్చుకుంటాడు? నూనె పోసినామెకు వచ్చే జన్మలో ఒళ్లు కాలితే, ఎందుకు కాలిందో ఆమెకు గుర్తుండదు. ఈ వీధిలో ఆమెను చూస్తూ పెరుగుతున్న పిల్లలకు అంతకంటే తెలియదు. కర్మ తన లెక్క తాను చూసుకోనీ. ఫలానా రోజున, ఫలానా జీవికి, ఫలానా బాధ కలిగించావు, అది తప్పు, దానికి ఇదీ శిక్ష అని నలుగురి ముందు పేరుపెట్టి చెప్పడం ఈ లోకంలో కోర్టు ఒక్కటే చేయగలదు. మాండవ్యుడు ఆ పని యముడి చేతిలో వదిలేయకుండా నియమం రాసి చూపించాడు. మనకు అంతకంటే పెద్ద అనుమతి ఏం కావాలి?

ఇతర మతాల గ్రంథాల్లోనూ జంతువు మనిషిని అడుగుతూనే ఉంది. మా పక్కింట్లో ఉండే క్రైస్తవ టీచరుగారు బిలాము గాడిద గురించి ఒకసారి వివరంగా చెప్పారు. దారికి అడ్డంగా నిలిచిన దేవదూత గాడిదకు కనిపిస్తాడు, ప్రవక్తకు కనిపించడు. గాడిద కదలకపోతే మూడుసార్లు కొడతాడు. అప్పుడు దేవుడు దానికి మాట ఇస్తే అది అడిగేది ఇదే: నన్ను మూడుసార్లు కొట్టావే, నేను నీకేం చేశాను? దేవదూత ప్రత్యక్షమయ్యాక బిలామును ముందుగా నిలదీసేది కూడా గాడిదను ఎందుకు కొట్టావనే. ఇస్లాంలో పిల్లిని కట్టేసి, తాను పెట్టకా, దాన్ని వెతుక్కు తిననివ్వకా చంపిన స్త్రీ నరకానికి పోయిందని హదీసు ఉంది. సరమ కథతో కలిపి ఈ మూడు చోట్లా వాది జంతువే. యజమానికి నష్టం జరిగిందన్న మాట ఎక్కడా రాదు.

మన శిక్షాస్మృతిలో మాత్రం వచ్చేది ఆ మాటే. పాత ఐపీసీ 428, 429 సెక్షన్లు జంతువును చంపడాన్ని, అవిటిదాన్ని చేయడాన్ని శిక్షించేవి. 429లో ఐదేళ్ల దాకా జైలు ఉండేది. అయితే పది రూపాయల విలువ, యాభై రూపాయల విలువ అని జంతువుకు ధర కట్టి. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 325వ సెక్షన్ ఆ ధరల లెక్క తీసేసింది. ఏ జంతువునైనా చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా శిక్ష. ఇది మంచి మార్పు, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయినా ఆ నేరం ఆస్తికి నష్టం కలిగించే నేరాల మధ్యే కూర్చుంది. నష్టం ఎవరో ఒక మనిషికో, ప్రజలకో జరగాలి. ఇడ్లీ బండి ఆమె కుక్క ఎవరి ఆస్తి? దాని ఒంటి మంట ఎవరి నష్టం? ఇంకొక సంగతి, ఎక్కువ రాయలేను గానీ రాయకుండా ఉండలేను: పాత 377లో ఉన్న పశువులపై లైంగిక నేరం కొత్త సంహితలో ఏ సెక్షన్‌లోనూ లేదు. అటువంటి గాయాలతో దూడలను తెచ్చి, ఎవరికీ చెప్పవద్దని బతిమాలి తీసుకుపోయిన రైతులను నేను చూశాను. ఆ దూడల తరఫున ఇప్పుడు ఏ సెక్షన్ రాయాలి?

మన చట్టానికి నోరులేనివారి తరఫున మాట్లాడడం రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. గుడిలో ఉన్న దేవుడు చట్టం దృష్టిలో ఒక వ్యక్తి. ఆయన పేరిట భూములుంటాయి, ఆయన పేరిట దావాలు నడుస్తాయి, ఆయన తరఫున ధర్మకర్త కోర్టులో నిలబడతాడు. శ్రీకాళహస్తిలో సాలెపురుగు, పాము, ఏనుగు శివుణ్ని కొలిచి మోక్షం పొందాయని, ఆ మూడింటి పేర్లే ఊరి పేరయ్యాయని చెప్పుకుంటాం. మోక్షానికి అర్హత ఉన్నదానికి ఫిర్యాదుకు అర్హత లేకపోవడం నాకు ధర్మంగా తోచదు. న్యాయస్థానాలు ఆ వైపు అడుగులు వేయకపోలేదు. 2014 మే 7న నాగరాజ కేసులో సుప్రీంకోర్టు, జీవులపై కరుణ చూపడం పౌరుడి విధి అంటున్న రాజ్యాంగంలోని 51ఏ(జి) అధికరణాన్ని ఆధారం చేసుకుని, జంతువు గౌరవంగా బతకడం గురించి మాట్లాడింది. 1960 చట్టంలోని శిక్షలు చాలవని పార్లమెంటుకు చెప్పింది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు జంతువులకు చట్టపరమైన వ్యక్తిత్వం ఉందని ప్రకటించింది. 2023 మే 18న మళ్లీ సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, జల్లికట్టుపై తమిళనాడు సవరణను సమర్థిస్తూ, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయనడానికి ఆధారం లేదంది. హక్కుల చర్చ ఎటు తేలినా, బాధపెట్టినవాడు జవాబు చెప్పాలన్న విధి దానికోసం ఆగనక్కరలేదు.

ఇప్పుడు కష్టమైన వైపుకు వస్తాను. వీధికుక్కలు పసిపిల్లలను చంపుతున్న రోజులివి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. ఆ తల్లిదండ్రుల ముందు నిలబడి కుక్కల తరఫున మాట్లాడే ధైర్యం ఎవరికీ ఉండకూడదు, నాకూ లేదు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో రాత్రిపూట ముసుగులు వేసుకుని వచ్చినవాళ్లు ఇరవై వీధికుక్కలను తుపాకితో కాల్చి చంపారు. తమ పెంపుడు కుక్కను వీధికుక్కలు చంపాయన్న కక్షతో చేశారని పోలీసులు తర్వాత చెప్పారు.

ఈ వార్త చదివినప్పుడు నాకు ఆదిపర్వంలోని రురుడు గుర్తొచ్చాడు. అతనితో పెళ్లి కావలసిన ప్రమద్వరను పాము కరిచింది. తన ఆయుర్దాయంలో సగం ఇచ్చి ఆమెను బతికించుకున్నాడు. అయినా కోపం చల్లారక, కనిపించిన ప్రతి పామునూ కర్రతో కొట్టి చంపుతూ తిరిగాడు. ఒకనాడు డుండుభం, విషంలేని నీటిపాము, కనిపించింది. కర్ర ఎత్తాడు. నేను నీకేం అపకారం చేశాను అని అది అడిగింది. నీ భార్యను కరిచింది మరొకటి, ఆకారంలో పోలిక ఉందని నన్ను చంపుతావా అంది. అహింస గొప్పతనం గురించి భారతంలో మనం తరచు వల్లించే మాట వచ్చేది ఆ నీటిపాము నోట. రురుడు కర్ర దించాడు.

రురుడి దుఃఖం అబద్ధం కాదు. వ్యాసుడు గానీ నన్నయ గానీ దాన్ని చిన్నబుచ్చలేదు. ఆ దుఃఖం దేనికి అధికారం ఇస్తుందో, దేనికి ఇవ్వదో చెప్పారంతే. కరిచే కుక్కను పట్టాలి. పిచ్చి లక్షణాలున్నదాన్ని వేరు చేయాలి. టీకా, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మున్సిపాలిటీ విధిగా చేయాలి. చేయకపోతే దానికీ ఎవరో ఒకరు జవాబుదారీ కావాలి. నేను చేసిన శవపరీక్షల్లో విషం తిన్న కుక్కలు ఎక్కువగా మనుషులకు అలవాటుపడ్డవే. పిలిస్తే వచ్చినవి, చేత్తో పెడితే తిన్నవి. కరిచేది దూరంగా ఉంటుంది, విషం ముద్ద దానికి అందదు.

శిక్షలు పెంచాలని అడిగేవాళ్లంతా మాండవ్యుడిని పక్కన పెట్టుకుని మాట్లాడాలని నేను అనుకోవడానికి ఇంకో కారణం ఉంది. గోదావరి ఇసుక ర్యాంపుల దగ్గర ఎడ్లబండ్లు తోలేవాళ్ల ఎద్దులకు వైద్యం చేశాను. కాడి ఒరుసుకుని మెడ మీద పుండు, దాని మీద ఈగలు. ములుకర్ర గుచ్చిన చోట చీము. తోక మెలిపెట్టి మెలిపెట్టి ఎముక విరిగి వంకరపోయిన తోక. ఇవన్నీ 11వ సెక్షన్ కింద నేరాలే. ఆ బండి తోలేవాడికి ఆ ఎద్దు తప్ప లోకంలో ఏమీ లేదు. ఎద్దును స్వాధీనం చేసుకుని అతని మీద వేలల్లో జరిమానా వేస్తే, ఇంకో వారానికి కంతులకు మరో ఎద్దును తెచ్చి అదే కాడి కడతాడు. పుండు మానేదాకా పని మాన్పించి, ఆ రోజులకు అతనికి కూలి దొరికే దారి చూపించి, కాడికి మెత్త వేయించి, మళ్లీ చేస్తే అప్పుడు గట్టిగా శిక్షించడం ధర్మం. చట్టం పదును బీదవాడి మెడ మీద మాత్రమే పరీక్షించకూడదు.

ఎందుకంటే అదే గోదావరి జిల్లాల్లో సంక్రాంతి మూడు రోజులూ షామియానాలు వేసి, బరులు కట్టి, ఫ్లడ్‌లైట్లు పెట్టి కోళ్లకు కత్తులు కడతారు. డేగ, కాకి, నెమలి అని రంగులను బట్టి పిలుస్తూ, బాదం పప్పు, మేకమాంసం పెట్టి పెంచిన పుంజు రెండు నిమిషాల్లో పేగులు బయటపడి నేలకు ఒరుగుతుంది. గెలిచినదానికి కుట్లు వేయమని నాకూ కబురొచ్చేది. వెళ్లేదాన్ని, ఎందుకంటే గాయపడ్డ పక్షికి పందెంలో పాత్ర లేదు. పందేలకు చోటిచ్చి నిర్వహించేవాళ్లను పోలీసులు వారెంటు లేకుండానే పట్టుకోవచ్చని చట్టంలోనే ఉంది. పందేలు ఆపాలని ఉమ్మడి హైకోర్టు 2016 చివర్లో ఆదేశించింది. అయినా బరి చుట్టూ మొదటి వరసలో కూర్చునేవాళ్లు ఎవరో చూసిన పోలీసు ఏం చేయగలడు? ఇది మా సంప్రదాయం అంటారు. సంప్రదాయంలో పండుగ నాడు పశువులకు పసుపు కుంకుమ పెట్టి, కొమ్ములకు రంగులు వేసి, పొంగలి పెట్టడమూ ఉంది. కనుమ అన్న పేరుతో ఒక రోజునే వాటికిచ్చాం. ఆ రెండింటిలో ఏది ఎంచుకుంటున్నామో అది మన తీర్పు, తాతలది కాదు.

మతం పేరున చంపడం సంగతి అడుగుతారు. అడగాలి కూడా. 1960 చట్టంలోని 28వ సెక్షన్, ఒక మతం విధించిన పద్ధతిలో జంతువును చంపడం నేరం కాదంటుంది. మరోవైపు, మన రాష్ట్రంలో 1950 నాటి చట్టం దేవాలయాల ఆవరణల్లో జంతుబలిని నిషేధించింది. జాతర్లలో పోతునూ మేకపోతునూ బలిచ్చే ఊళ్లలో నేను పనిచేశాను. నా వరకు నేను బలిని కోరే దేవతను నమ్మను. అయినా చట్టంతో అందరి నమ్మకాన్నీ ఒక్కసారిగా మార్చేయవచ్చని అనుకోను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. 28వ సెక్షన్ మినహాయించింది చంపే పద్ధతిని. అంతకుముందు జరిగే హింసను ఏ మతమూ కోరలేదు, ఏ చట్టమూ మినహాయించలేదు. లారీకి ఆరు పశువులకు మించి ఎక్కించకూడదని 1978 నాటి నియమాలుంటే ముప్ఫై కుక్కి, పడిపోయినవి లేవడానికి కళ్లలో కారం కొట్టడం ఏ ఆచారం? కబేళాలో పనిచేసే ఒక ముస్లిం పెద్దాయన నాకు బాగా తెలుసు. మేక కళ్లముందు కత్తి నూరేవాడు కాదు, ఒక మేక చూస్తుండగా మరొకదాన్ని కోసేవాడు కాదు, దాహమేసి ఉంటుందని ముందు నీళ్లు పెట్టేవాడు. "ప్రవక్త చెప్పింది అదేనమ్మా, మేం మరిచిపోతున్నాం" అనేవాడు. ఆయన ముందు శాకాహారినైన నాకు ఎన్నోసార్లు గౌరవంతో తల వంగింది.

రాజు తలచుకుంటే ఏం చేయగలడో కూడా మన నేల మీదే రాసి ఉంది. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శిలాశాసనాలున్నాయి. మొదటి శాసనంలో ఆయన బలులు వద్దంటాడు. ఆ వెంటనే తన వంటింటి లెక్క చెబుతాడు. ఒకప్పుడు తన వంటశాలలో రోజుకు లక్షల్లో ప్రాణులను చంపేవారని, ఇప్పుడు రెండు నెమళ్లను, ఒక లేడిని, లేడిని కూడా ఎప్పుడూ కాదు, చంపుతున్నారని, ఇకమీదట వాటినీ చంపరని. ఇంకా పూర్తిగా మానలేదని రాయి మీద చెక్కించిన రాజు ఆయన. రెండో శాసనంలో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానంటాడు. మా వృత్తికి ఇంతకంటే పాత నియామక పత్రం ఈ దేశంలో ఉందని నేను అనుకోను. ప్రజలను మారమనే ముందు తన ఇంట్లో ఏం జరుగుతోందో లెక్క చెప్పిన ఆ పద్ధతి మున్సిపాలిటీలకు, దేవస్థానాలకు, ప్రభుత్వ శాఖలకు కావాలి.

2022 నవంబరులో కేంద్రం 1960 చట్టానికి సవరణ ముసాయిదా విడుదల చేసి ప్రజాభిప్రాయం అడిగింది. ఘోరమైన క్రూరత్వం అన్న కొత్త వర్గం, దానికి ఏడాది నుంచి మూడేళ్ల జైలు, చంపితే ఐదేళ్ల దాకా, పశువులపై లైంగిక నేరం కూడా ఆ వర్గంలోకే. అది చట్టంగా మారకుండానే ఏళ్లు గడిచిపోయాయి. నేనూ అప్పుడు అభిప్రాయం పంపాను. జరిమానాలు పెంచమని రాశాను, అది అందరూ రాసి ఉంటారు. మూడు నెలల గడువు ఎత్తేయమన్నాను. బుద్ధిపూర్వకంగా హింసించడాన్నీ, బీదతనం వల్లా తెలియకపోవడం వల్లా జరిగేదాన్నీ వేర్వేరు సెక్షన్లలో పెట్టమన్నాను. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఇలాంటి తప్పు చేస్తే శిక్షించకుండా, ఏదైనా పశువుల ఆసుపత్రిలో కొన్నాళ్లు గాయాలు కడిగే పనికి పంపమన్నాను. 2001 నియమాల ప్రకారం ప్రతి జిల్లాలోనూ ఉండాల్సిన జంతు క్రూరత్వ నివారణ సంఘానికి, దేవుడి తరఫున ధర్మకర్తకు ఉన్నట్టే, జంతువు తరఫున సొంతంగా కేసు వేసే అధికారం, దానికో జీతమిచ్చే ఉద్యోగి ఉండాలన్నాను. నేను పనిచేసిన చోట్ల ఆ సంఘం పేరు ఫైళ్లలో తప్ప మరెక్కడా కనిపించలేదు.

చివరి కోరిక రాయడానికి కొంచెం ఆలోచించాను, చట్టంలో ఇలాంటిది ఎవరైనా పెడతారా అని. అయినా రాశాను. ఎవరు ఫిర్యాదు తెచ్చినా, ఇడ్లీ బండి ఆమె తెచ్చినా సరే, స్టేషనులో కాగితం మీద రసీదు ఇవ్వాలి. కేసు పెడితే ఏ సెక్షన్ కింద పెట్టారో, పెట్టకపోతే ఎందుకు పెట్టలేదో ముప్ఫై రోజుల్లోపు రాతపూర్వకంగా, సంతకంతో ఆమెకు జవాబు ఇవ్వాలి.